బొత్తాం ఇంట్లో ఒక్కడే ఉన్నాడు

జూన్ 3

దస్తూరీ బాగుండదు. అక్షరదోషాలు కూడా ఉంటాయి. పెద్ద మనసుతో క్షమించాలి.

ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. ఇది ఎవరూ చదవరు. మా పల్లెటూరి బడిలో ఉత్తరం రాయడం నేర్పినప్పుడు మొదటి వాక్యం ఇదే నేర్పారు. అది రాయకపోతే చెయ్యి ముందుకు కదలడం లేదు. నాకు వచ్చిన చదువు కూడికలు, తీసివేతలు, ఆ ఉత్తరం. తర్వాత కత్తెర పట్టుకున్నాను.

డాక్టరమ్మ అంది, "అమ్మ గురించి రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టండి. మీ గురించి కూడా రాయండి, మనసు తేలికవుతుంది." నా గురించి ఏముంది రాయడానికి. దర్జీవాణ్ణి. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. ఇక్కడ అమ్మా, నేనూ.

అమ్మకి నేనెవరో తెలియడం లేదు. అదీ సంగతి.

జూన్ 4

అన్నం తినలేదు. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకుంది.

జూన్ 6

పొద్దున్నే "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగింది.

"నేనే అమ్మా, బొత్తాంని" అన్నాను.

"పో. మా బొత్తాం ఇంతే ఉంటాడు" అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. నా తెల్ల జుట్టు చూసి నవ్వింది కూడా. ఎవరో ముసలాయన హాస్యమాడుతున్నాడు అనుకుంది.

బొత్తాం అని ఆవిడ పెట్టిన పేరే. నేను పుట్టినప్పుడు బొత్తామంతే ఉన్నానట. నేను పాకుతుండగానే నాన్న పోయాడు. అమ్మ దర్జీ మాస్టారి కొట్లో చేరింది. కాజాలు కుట్టడం, బొత్తాలు కుట్టడం ఆవిడ పని. ఆ కొట్టు ఎప్పుడో పడగొట్టేశారు. ఆ మాస్టారి దగ్గరే పెద్దయ్యాక నేనూ పని నేర్చుకున్నాను. ఆయన ఫోటో నా మిషన్ పైన గోడకి ఉంది. కడుపుకి కూడు పెట్టిన మనిషి.

నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద అమ్మ ఒక్కతే. ఇంకొక్కసారి పిలిస్తే చాలు. అంతకంటే నాకేమీ వద్దు.

జూన్ 7

అమ్మని కొట్లో నా ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాసేపటికి తనే లేచి, కుర్చీ లాక్కుని నా మిషన్ ఉన్న గోడకి వీపు తిప్పి కూర్చుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ లాక్కుంది. వెలుతురు కళ్ళలో పడుతోందేమో.

జూన్ 8

పక్కకొట్టు ఇస్త్రీ బావ వచ్చి కాసేపు కూర్చున్నాడు. ఊరందరికీ ఆయన బావే. వయసులో నాకంటే పెద్ద. మాస్టారి కొట్టు అరుగు మీదే కుర్రతనంలో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నాడు. అప్పటినుంచీ ఎరుక.

"మీ అమ్మ నిన్ను గుర్తుపట్టడం లేదని దిగులెందుకు బావా? నా పెళ్ళాం నన్ను రోజూ గుర్తుపడుతోంది. నేనేమన్నా సుఖపడ్డానా?"

నవ్వాను. ఆయన వెళ్ళాక కూడా కాసేపు నవ్వాను. అమ్మ అన్నం మాత్రం తినలేదు. పిడికిలి బిగించి కంచం నెట్టేసింది. చెయ్యి ఎంత సన్నబడిందో.

జూన్ 10

ఈరోజు తిన్నది! కంచం ఖాళీ.

ఎలా జరిగిందంటే, ఒకాయన కొలతలిచ్చి వెళ్ళాడు. టేపు మెడలోనే ఉంచుకుని, చేతులు కడుక్కుని, అమ్మకి అన్నం పట్టుకెళ్ళాను. ఆ టేపు మాస్టారిది. నాకు పని పూర్తిగా వచ్చిందని మెచ్చుకుని ఆయనే నా మెడలో వేశాడు. రెండు కొసల్లో ఇత్తడి ముక్కలున్న పాతకాలం టేపు. మెడలో అది చూసిందో లేదో అమ్మ సర్దుకుని నిటారుగా కూర్చుంది. పమిట సవరించుకున్నట్టు చెయ్యి భుజం మీదకి పోయింది.

"తింటానండి మాస్టారూ" అంది.

తిన్నది. గబగబా తిన్నది. నీళ్ళు తాగింది. "లేవనాండి?" అని అడిగింది.

నన్ను మాస్టారనుకుంటోంది. అనుకోనీ. ఎవరో ముసలాయన కంటే మాస్టారు నయమే కదా. తెలిసిన మనిషి.

జూన్ 13

మూడు పూటలా తింటోంది. మందు వేసుకుంటోంది. కూర్చోమంటే కూర్చుంటోంది. టేపు మెడలోంచి తీయడం లేదు. పడుకునేటప్పుడు మేకుకి తగిలిస్తున్నాను.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "భలే ఉపాయం కనిపెట్టావు నాన్నా" అంది. ఉపాయమేముంది, దానంతట అది దొరికింది అన్నాను. కానీ సంతోషంగా ఉంది. ఎన్నాళ్ళకో.

జూన్ 16

పాడైపోయిన చొక్కా ఒకటి, మొద్దు సూది, తెల్లదారం చేతికిచ్చాను. బొత్తాలు కుట్టింది! కళ్ళు సరిగా ఆనవు, ఎవరెవరో తెలియదు, కానీ చేతికి తెలుసు. ముడి వేసి దారం పళ్ళతో తెంపింది, అచ్చం ఎప్పటిలాగే. రేపు అవి విప్పి మళ్ళీ ఇదే చొక్కా ఇస్తాను.

బొత్తాలంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎప్పుడైనా కొట్టుకి వెళితే మాస్టారు నా పిడికిట్లో రంగురంగుల బొత్తాలు పెట్టేవాడు. "నువ్వు ఇంటికెళ్ళి ఆడుకోరా. అమ్మ వస్తుంది" అనేవాడు. నేను పరిగెత్తేవాణ్ణి. అమ్మ వచ్చేసరికి ఆలస్యమయ్యేది. బడి బట్టల కాలంలో పని ఎక్కువ మరి. వచ్చీ రాగానే, ఎంత చలిలోనైనా సరే, తల మీంచి నీళ్ళు గుమ్మరించుకునేది. ఆ తర్వాతే నన్ను ఎత్తుకునేది. అమ్మకి శుభ్రం ఎక్కువ.

జూన్ 19

పొద్దు వాలేసరికి లేస్తోంది. చొక్కా మడత పెట్టి నా బల్ల మీద పెట్టి నిలబడుతోంది.

"కాజాలు అయిపోయాయండి మాస్టారూ. ఇంక వెళ్తాను. ఇంటి దగ్గర పిల్లాడు ఒక్కడే ఉన్నాడు."

"ఏ పిల్లాడు?" అన్నాను. ఎందుకడిగానో. వినాలనిపించింది.

"మా బొత్తామండి. లోపల గడియ వేసుకుని కూర్చోమన్నాను. నేను పిలిస్తేనే తీస్తాడు. పిచ్చి సన్నాసి, నేను వెళ్ళేదాకా అన్నం కూడా ముట్టుకోడు."

నా పేరు అంది. నన్ను పిలవడానికి కాదు, కానీ నాతోటే అంది. బల్ల మీద కత్తిరించిన గుడ్డ ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను.

జూన్ 20

ఈరోజు కూడా. "వెళ్తానండీ. చీకటి పడితే వాడు భయపడతాడు."

సరే వెళ్ళు అంటే వీధిలోకి నడుస్తుంది. మొన్న చలికాలంలో అలాగే వెళ్ళి బస్సుల మధ్య నిలబడింది. అందుకని, "ఇంకొక్క చొక్కా ఉంది, అది అయ్యాక వెళ్దువు గాని" అన్నాను.

మాట విన్నది. కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తలుపు వంక చూస్తూ కూర్చుంది. ముఖం పాలిపోయింది. ఆకలేమో.

జూన్ 23

ఆ మాట బాగా పనిచేస్తోంది. ఇంకొక్క చొక్కా అంటే చాలు. ఎదురు చెప్పదు.

జూన్ 24

కూర్చున్న చోటే బట్టలు తడుపుకుంది. లేపితే లేవలేదు.

జూన్ 25

స్నానం కాలేదు.

జూన్ 26

నిన్న కూడా కాలేదు. ఇవాళా కాలేదు. వాసన వస్తోంది. రాయాలి గానీ రాయలేను. కళ్ళద్దాలు కూడా మసకగా ఉన్నాయి.

జూన్ 28

రాస్తాను. ఎవరు చదువుతారు కనుక.

ఇన్నాళ్ళూ స్నానం నేనే చేయించేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని ఊరుకునేది. ఎవరో మంచి మనిషి, సాయం చేస్తున్నాడు అన్నట్టు ఉండేది. "చల్లగా ఉండు బాబూ" అని దీవించేది కూడా. నాకదే చాలనిపించేది.

ఇరవై నాలుగున బట్టలు మార్చడానికి ఎలాగో లేపి వెనక గదిలోకి తీసుకెళ్ళాను. టేపు మెడలోనే ఉంది. తలుపు దగ్గరగా వేశాను, వీధిలోకి కనపడకూడదని. తలుపు చప్పుడు వినగానే గోడకి అతుక్కుపోయింది. రెండు చేతులతో మెడ దగ్గర బట్ట పిడికిట్లో పట్టుకుంది.

"వద్దండీ మాస్టారూ. ఇంకో రెండు చొక్కాలు కుడతాను. పిల్లాడు తలుపు దగ్గరే కూర్చుని ఉంటాడు. వద్దండీ."

"అమ్మా, నేనమ్మా" అన్నాను.

"వాడి మీద ఒట్టు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ వదిలేయండి."

ఇవాళ అంది.

నేను బయటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. కాలు తొక్కుతూనే ఉంది, సూది కింద గుడ్డ లేదు.

జూన్ 29

ముసలితనంలో అందరూ భయపడతారు. డాక్టరమ్మ ముందే చెప్పింది. లేనిపోనివి ఊహించుకుంటారు, అవి పట్టించుకోకండి అంది.

లేనిపోనివే.

జూన్ 30

టేపు తీసి సొరుగులో పడేశాను. చొక్కా మార్చాను. మీసం తీసేశాను, మాస్టారికి మీసం ఉండేది కనుక. అమ్మ ముందు నేల మీద కూర్చున్నాను, చిన్నప్పుడు కూర్చున్నట్టు.

"అమ్మా, నేను బొత్తాంని. మాస్టారు లేడు. వెళ్ళిపోయాడు."

కాళ్ళు దగ్గరికి తీసుకుంది. చాలాసేపు నన్ను చూసింది. మెల్లగానే, కానీ గట్టిగా అంది. "పిల్లాడి పేరు మీరు ఎత్తకండి."

ఆ గొంతు ఎన్నడూ వినలేదు నేను.

జూలై 1

ఫోటో దించాను. గోడ మీద ఆ చోటు తెల్లగా మిగిలింది. క్యాలెండర్ తగిలించాను. అమ్మ కుర్చీ తిప్పుకోలేదు. ఎదురుగానే కూర్చుంది.

ఆ రోజు కుర్చీ తిప్పుకున్నది వెలుతురుకి కాదన్నమాట.

జూలై 2

ఇస్త్రీ బావ వచ్చాడు. గోడ వంక చూసి, "ఇన్నాళ్ళకి దించావా?" అన్నాడు.

నోటి దాకా ఒక మాట వచ్చింది. అడిగేశాను. "నీకు తెలుసా బావా?"

ఆయన తన కొట్టు వైపు చూశాడు.

"బట్ట మీద పెట్టె వదిలేసి వచ్చాను బావా, కాలిపోతుంది" అని లేచి వెళ్ళిపోయాడు.

అటు నుంచి కాలిన వాసనేమీ రాలేదు.

జూలై 3

చొక్కా కుట్టాను. కాలరు తిరగేసి మూల ఎత్తడం మాస్టారు నేర్పిందే. చంక దగ్గర గుడ్డ వదలడం ఆయన నేర్పిందే. కత్తెర పట్టుకునేటప్పుడు బొటనవేలు ఎక్కడుండాలో నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చూపించాడు. నా చేతికి వచ్చిన పనంతా ఆయనది.

కొలతలకి కొత్త టేపు కొన్నాను. దాన్ని మెడలో వేసుకోలేదు, జేబులో పెట్టుకుంటున్నాను.

జూలై 5

తినడం మానేసింది. నేను గదిలోకి వస్తే మూలకి జరుగుతుంది. పక్కింటావిడని నేను కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే రోజు విడిచి రోజు వచ్చి ఒళ్ళు కడుగుతోంది. ఆవిడ చేత తింటుంది. నేను గుమ్మం అవతల నిలబడి కంచం అందిస్తాను.

కనపడకుండా ఉంటే తింటుంది. నా ఇంట్లో నేను దాక్కుంటున్నాను.

జూలై 11

అమ్మాయి వచ్చింది. నాయనమ్మకి తల స్నానం చేయించి, జుట్టు దువ్వి, గోళ్ళు తీసింది. అమ్మ పిల్లిపిల్లలా ఊరుకుంది.

పొయ్యి దగ్గర అమ్మాయి నన్ను నిలదీసింది.

"ఇలా ఎన్నాళ్ళు నాన్నా? నిన్ను చూస్తే వణికిపోతోంది. ఏం చేశావు?"

"నేనేం చేశాను?"

"మరి ఆ మాస్టారంటే అంత భయమెందుకు? కొట్టేవాడా?"

"పాతకాలం మనిషి. కోపిష్టి" అన్నాను.

అది నా కళ్ళలోకి చూసింది. నేను గిన్నెలు సర్దాను. అమ్మ ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మతి పోయాక నోరు జారిన మాటని నేను మోసుకెళ్ళి ఎవరికిస్తాను? చివరికి నా కూతురికి కూడా ఇవ్వను.

"ఇలాంటి పెద్దవాళ్ళని చూసుకునే ఇల్లు ఒకటుంది నాన్నా. నేను వెళ్ళి చూశాను. శుభ్రంగా ఉంది. అందరూ ఆడవాళ్ళే. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూసుకోవచ్చు."

"నేను బతికుండగా పంపను" అన్నాను.

"నువ్వు బతికే ఉన్నావు. ఆవిడ బతకాలి కదా."

మాట పదును వాళ్ళమ్మదే.

జూలై 12

పంపను.

జూలై 13

పంపను. అమ్మ లేకుండా నేను ఎప్పుడూ లేను. పెళ్ళయినా, పిల్ల పుట్టినా, భార్య పోయినా. ఇంటికి రాగానే "అమ్మా" అనడం, లోపల్నుంచి "ఊఁ" అనడం. ఆ ఊఁ కూడా పోయింది. అయినా కుర్చీలో మనిషి ఉంది. మనిషంటూ ఉంటే అప్పుడో ఇప్పుడో...

జూలై 17

పక్కింటావిడ రాలేదు, ఒంట్లో బాగాలేదట. అమ్మాయి వెళ్ళిపోయింది. అమ్మ తడి బట్టలతోనే ఉండిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి, "నేను లోపలికి రానమ్మా, ఇదిగో పొడి బట్ట, నువ్వే మార్చుకో" అని విసిరాను. ఆవిడకి మార్చుకోవడం రాదు. ఆ బట్ట తీసుకుని అంచు మడిచి, వేళ్ళతో కుట్టడం మొదలుపెట్టింది. సూది లేదు, దారం లేదు.

"అయిపోతోందండీ మాస్టారూ" అంటోంది. "అయిపోతోందండీ. తొందరగా కుట్టేస్తానండీ."

అమ్మాయికి ఫోన్ చేశాను. సరే అన్నాను.

జూలై 24

ఈరోజు పంపాను.

బండి వచ్చి గుమ్మంలో ఆగింది. అమ్మాయి, పొడుగాటి ఆయా ఒకావిడ ఎంత బతిమాలినా అమ్మ కుర్చీ వదల్లేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని బిగదీసుకుంది. "మాస్టారు వెళ్ళమనలేదు. ఆయన చెప్పకుండా లేస్తే కోప్పడతారు" అంటోంది. లాగితే ఏడుపు.

నేను వెనక గదిలో దాక్కుని వింటున్నాను. ఇంక ఒక్కటే దారి కనిపించింది.

సొరుగులోంచి ఆ టేపు తీశాను. పాములా చల్లగా ఉంది. మెడలో వేసుకుని ముందు గదిలోకి వెళ్ళాను. తలుపులన్నీ బార్లా తెరిచి, ఆవిడకి దూరంగా నిలబడ్డాను.

"ఏమ్మా, ఈరోజుకి పని చాలు. ఇంటికి వెళ్ళు."

నమ్మలేదు. "ఇంకొక్క చొక్కా ఉందేమోనండీ?"

"లేదు. అన్నీ అయిపోయాయి. కొట్టు మూసేస్తున్నాను. రేపట్నుంచి రానక్కర్లేదు."

లేచి నిలబడింది. "నిజంగానా మాస్టారూ? మళ్ళీ పిలిపించరు కదా?"

"పిలిపించను."

"మా ఇంటి వైపు రారు కదా?"

అమ్మాయి నా వంక చూస్తోంది. ఆయా చూస్తోంది.

"రాను" అన్నాను.

"ఒట్టు వేయండి."

"ఒట్టు."

అమ్మ ముఖం ఎలా అయిందో నాకు రాయడం రాదు. నా చిన్నప్పుడు గడియ తీయగానే తలుపు సందులోంచి కనిపించే ముఖం అది. చెప్పులు కూడా వేసుకోలేదు. బండి దాకా దాదాపు పరిగెత్తింది. ఆయా చెయ్యి పట్టుకుని, "త్వరగా పోనీయమ్మా, మా బొత్తాం ఇంట్లో ఒక్కడే ఉన్నాడు" అంది.

వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది.

జూలై 25

కుర్చీ ఖాళీ.

జూలై 26

కొట్టు తీయలేదు. ఇస్త్రీ బావ బయటనుంచి, "ఒరే బావా, ఉన్నావా పోయావా? పోతే చెప్పు, నీ చొక్కాకి ఇస్త్రీ చేసి ఉంచుతాను" అని కేకేశాడు. తర్వాత చూస్తే గుమ్మంలో మూత పెట్టిన గిన్నె ఉంది.

ఆగస్టు 3

చూడ్డానికి వెళ్ళాను. పెద్ద హాలు, పెద్ద కిటికీలు, శుభ్రంగానే ఉంది. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కొంచెం ఒళ్ళు చేసింది. టేపు లేదు, మీసం లేదు, కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. అమ్మాయి ఇచ్చిన టోపీ పెట్టుకున్నాను.

నడక చూసి పట్టేసింది. ఆ నడక కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదేనేమో, తెలియదు.

"రానన్నారు! ఒట్టు వేశారు!" అని అరిచింది. హాలంతా మా వైపు తిరిగింది. పొడుగు ఆయా నా భుజం పట్టి బయటికి తీసుకొచ్చింది.

"ఏమీ అనుకోకండి తాతగారూ. వీళ్ళు అంతే. ఇంకోసారి రండి."

బస్సు ఎక్కాను. దిగాల్సిన చోట దిగలేదు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాను.

ఆగస్టు 10

వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. బయట కిటికీ పక్క నుంచి చూశాను. వీపు కనిపించింది.

ఆగస్టు 17

వీపు కనిపించింది. జుట్టు కత్తిరించారు.

ఆగస్టు 20

పాత టేపుని కత్తెరతో ముక్కలు చేశాను. గుడ్డ కత్తిరించే కత్తెర, దాని మొన విరిగింది. అమ్మకి చెప్పాలి అనుకున్నాను. వెంటనే గుర్తొచ్చింది.

ఆగస్టు 24

పొడుగు ఆయా నన్ను కిటికీ దగ్గర పట్టుకుంది. దొంగలా ఎందుకు తాతగారూ, రండి అని వంటగది పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"అమ్మ బాగా తింటోందా?"

"తింటోంది. సాయంత్రమే కష్టం. తలుపు దగ్గర నిలబడుతుంది. మాస్టారు పంపించేశాడు, ఇంటికెళ్తాను, బొత్తాం ఒక్కడే ఉన్నాడు అని ఒకటే గోల. ఎవరండీ ఆ బొత్తాం? మీ తమ్ముడా?"

తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

"ఆ అబ్బాయి పోయాడా?"

"లేదు. ఉన్నాడు."

"ఉంటే ఒక చీటీ రాయించుకురండి. నేను బాగానే ఉన్నానమ్మా అని నాలుగు ముక్కలు. సాయంత్రం చదివి వినిపిస్తాను. ఇంకొకావిడకి ఇలాగే చేశాం, కుదుటపడింది. పిల్లాడు రాసినట్టుండాలి సుమండీ. పెద్ద పెద్ద మాటలొద్దు."

"పెద్ద మాటలు రావు" అన్నాను.

ఆగస్టు 25

రాయలేకపోయాను. పిల్లాడు ఏం రాస్తాడు?

ఆగస్టు 26

పొద్దు వాలుతోంది. కొట్టు తలుపు మూసి, లోపల గడియ వేసుకున్నాను. అన్నం వండి ముందు పెట్టుకున్నాను, తినలేదు. అమ్మ కుర్చీలో కాకుండా గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడు అలా కూర్చుంటే వీధిలో ఏ అడుగులు ఎవరివో తెలిసేవి. అమ్మ అడుగులు మలుపు తిరగగానే తెలిసేవి. మొదట తొందరగా, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మెల్లగా. అంత తొందరగా వచ్చిన మనిషి గుమ్మం అవతల ఎందుకు ఆగిపోయేదో, లోపలికి రావడానికి అంతసేపు ఎందుకు పట్టేదో, నాకప్పుడు తెలియదు.

ఇప్పుడు రాయగలను అనిపించింది. రేపు ఆయాకి ఇచ్చేది వేరే కాగితం మీద. ఇక్కడ ముందు రాసి చూసుకుంటున్నాను.

అమ్మా,

దస్తూరీ బాగుండదు. తప్పులుంటే క్షమించు.

నేను బొత్తాంని. ఇక్కడ నేను క్షేమం. నువ్వు చెప్పినట్టే గడియ వేసుకున్నాను. నాకు భయం వెయ్యడం లేదు. అన్నం ఉంది. నువ్వు తిన్నావని ఆయమ్మ చెబితే నేనూ తింటాను. అందుకని నువ్వు తిను.

మాస్టారు కొట్టు మూసేశాడు. మిషన్లు అమ్మేశాడు. ఈ ఊళ్ళోనే లేడు. ఇంక నిన్ను ఎవరూ ఇంకొక్క చొక్కా అనరు. నువ్వు కూర్చో. కాళ్ళు చాపుకో. నా కోసం తొందరపడి పరిగెత్తుకు రావద్దు, పడతావు. నీళ్ళు పోసుకోకుండానే వచ్చి ఎత్తుకో అమ్మా. నాకేమీ పరవాలేదు.

నీ దగ్గరికి ఒక ముసలాయన వస్తుంటాడు. కిటికీ బయట నిలబడతాడు. ఆయన మాస్టారు కాదు. ఆయన్ని నేనే పంపాను, నువ్వెలా ఉన్నావో చూసి నాకు చెప్పమని. ఆయన్ని చూసి భయపడకు. మాట్లాడకపోయినా పరవాలేదు. నిలబడనీ.

నాకు ఎవరి అడుగులు విన్నా నీవే అనిపిస్తాయి. నువ్వు పేరు పెట్టి పిలిస్తేనే తలుపు తీస్తాను. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుని ఉంటాను.

త్వరగా జవాబు ఇవ్వు.